పిడికిటి బలము: నాటి పనులు, నేటి సాధన



నేను నేడు చెప్పబోవునది రాజుల యుద్ధముల చరిత్ర కాదు, కోటల చరిత్ర కాదు; మన చేతిపట్టు చరిత్ర. ఇంత చిన్న విషయమునకు చరిత్ర యేమిటని మీరు నవ్వవచ్చును. నిరుటివరకు నేనును అట్లే నవ్వియుందును.

గత సంవత్సరము నేను దొరవారిసత్రము స్టేషనులో ప్యాసింజరు బండి యెక్కుచుంటిని. ఎడమచేత సంచి, కుడిచేత వాకిలి ప్రక్కనున్న ఇనుపకడ్డీ. ఒక కాలు మెట్టుమీద మోపితిని. బండి యింకను కదలలేదు. అయినను నా వ్రేళ్లు కడ్డీమీదనుండి మెల్లగా జారిపోయినవి. వెనుకనున్న పడుచువాడొకడు “జాగ్రత్త తాతా” అని నా మణికట్టు నొడిసి పట్టుకొనకున్నచో నేడు మీతో నీ మాటలు చెప్పుటకు నుండకపోదును. ఆనాడు నన్ను కన్ను మోసగింపలేదు, కాలు మోసగింపలేదు, చేయి మోసగించినది. బాల్యమున చేదబావినుండి నిండుబిందెను అలుపు లేక పైకి లాగిన చేయియే అది. ఆ బలమెప్పుడు పోయినది? ఎవరు తీసికొనిపోయిరి? ఈ ప్రశ్నయే నన్ను చరిత్రలోనికి నడిపించినది.

మన భాషలో పట్టునకున్న గౌరవమును ముందుగా గమనింపుడు. పట్టుదల యను మాట పట్టునుండి పుట్టినది. ఆధారమైనదానిని పట్టుకొమ్మ యందుము. కొడవలికి, కత్తికి, తిరగలికి చేయి పట్టుచోటు పిడి. పట్టిన చేయి పిడికిలి. అందు నిమిడినది పిడికెడు. మేడి పట్టినవాడు రైతు, తెడ్డు పట్టినవాడు పడవవాడు, గంటము పట్టినవాడు కవి. మనిషి వృత్తిని అతని చేతిలోని వస్తువుతో చెప్పిన జాతి మనది. అట్టి జాతి చేతిబలమును వేరుగా నేర్వవలసిన యవసరము చాలకాలము కలుగలేదు.

మన యూరినే చూడుడు. నాయుడుపేటకును సూళ్లూరుపేటకును నడుమ, మదరాసునుండి నెల్లూరు మీదుగా నుత్తరమునకు సాగు పెద్దబాటను అంటియున్నది. ఊరి పేరులోనే సత్రమున్నది. 1899లో మదరాసు బెజవాడల నడుమ రైలుమార్గము కలియువరకు ఈ బాటను కాలినడకనో, ఎద్దుబండిమీదనో, పల్లకిలోనో పోవలసినదే. సత్రమనిన నీడ యుండవలెను, నీరుండవలెను. నీరనిన బావి, గిలక, చేంతాడు. ఒక చేయి పట్టి యుంచగా మరియొక చేయి ముందుకు పోయి, బారు తరువాత బారుగా త్రాడును లాగుట మనదేశపు మొదటి వ్యాయామశాల యని నేనందును. ఆ చేంతాడు ముట్టరాదని కొందరిని దూరముగా నిలిపిన అన్యాయమును కూడ మరువరాదు. వారి చేతులకు అంతకన్న బరువైన పనులే దక్కినవి.

బావి యొక్కటియేనా? ఏతపుగడ క్రిందికి వంచవలెను. కాలువనీరు మీది మడికి రావలెనన్న ఇద్దరెదురుగా నిలిచి గూడ వేయవలెను. మేడి పట్టవలెను, పాలు పితుకవలెను, తాటిచెట్టు నెక్కవలెను. తూర్పున పులికాటు సరస్సులో లోతు తక్కువ గనుక కోలతో అడుగుమట్టిని తన్ని పడవ నడుపవలెను, వలత్రాడు లాగవలెను. ఆ సరస్సు మీదుగా సాగిన బకింగ్‌హాము కాలువకు 1878లో ఆ పేరు పెట్టిరి. శ్రీహరికోట కట్టెలు ఆ నీటిమార్గముననే మదరాసునకు పోయెడివి. గాలి లేనప్పుడు మనుష్యులు గట్టున నడచుచు మోకులతో పడవలను లాగెడివారు. ఈ పనులన్నిటిలో చేసినది వేరు వేరు. చేతికి కలిగినది మాత్రమొక్కటియే.

ఇంటిలోని చేతుల మాట అంతకన్న ముఖ్యమైనది. సాముగరిడీల చరిత్ర చెప్పువారు స్త్రీలను తలపరు. కాని తెల్లవారకమున్నే తిరగలిపిడి పట్టినదెవరు? వడ్లు దంచుటకు రోకలి నెత్తినదెవరు? కవ్వపుత్రాడు లాగినదెవరు? నానిన దుప్పటిని రెండుచేతులతో మెలిపెట్టి పిండినదెవరు? మల్లుడు గదను గంటసేపు త్రిప్పి విశ్రమించును. ఇల్లాలికి ఆ విశ్రాంతి లేకుండెను. పతకములు లేకపోయినను, పేరులు నిలువకపోయినను, ముంజేతి బలముకొరకు పుట్టిన సాధనలలో రోకలిపోటుకు సాటి కొద్ది మాత్రమే.

ఇక బలమును బలముకొరకే సాధించినవారి సంగతి. కల్యాణి చాళుక్యరాజైన మూడవ సోమేశ్వరుడు 12వ శతాబ్దమున రచించిన మానసోల్లాసమున మల్లులను గూర్చి, వారి సాధనను గూర్చి ప్రత్యేకముగ వ్రాసియున్నాడు. మనకు మరింత దగ్గరి సాక్ష్యము శ్రీకృష్ణదేవరాయలది. 1514లో మన ఉదయగిరి దుర్గమును గజపతులనుండి గెలుచుకొన్న రాయలే. 1520 ప్రాంతమున విజయనగరమునకు వచ్చిన పోర్చుగీసువాడు డొమింగో పాయెస్ ఆయన దినచర్యను వ్రాసిపెట్టెను. తెల్లవారకమున్నే రాయలు నువ్వులనూనె త్రాగి, ఒడలెల్ల నూనె పట్టించుకొని, చిన్న గోచి కట్టి, మట్టితో చేసిన గొప్ప బరువులను చేతులతో నెత్తెడివాడట. పిదప కత్తి పట్టి, నూనె యంతయు చెమటగా పోవువరకు సాము చేసి, మల్లునితో కుస్తీ పట్టి, గుఱ్ఱమెక్కి మైదానమున స్వారి చేసెడివాడట. ఇదంతయు సూర్యోదయమునకు పూర్వమే.

ఇందొక మాటను పట్టుకొనుడు: మట్టితో చేసిన బరువులు. నవరత్నములకు కొదువ లేని రాజు ఉపయోగించిన పనిముట్టు కుమ్మరివాని మట్టి. బలసాధనకు వెల గల యంత్రము లేనిదే కాదను నేటివారికి ఇంతకన్న సమాధానమేమి కావలెను?

రాజుల తరువాత ఆ విద్య గ్రామములలో గరిడీలుగాను, తాలింఖానాలుగాను నిలిచినది. త్రవ్వి మెత్తచేసిన మన్ను, దండెములు, బస్కీలు, ఎత్తుటకు సంగిడిగుండు, త్రిప్పుటకు లోడీలను కొయ్యగదలు. అంతే సామగ్రి. లోడీని భుజముమీదుగా వెనుకకు త్రిప్పునప్పుడు దాని కొన చేతినుండి జారిపోవ జూచును. దానిని జారనీయక నిలుపుటలోనే ముంజేయి గట్టిపడును. ఈ గదలను మన దేశమున చూచిన ఆంగ్ల సైనికులు తమ దేశమునకు తీసికొనిపోయిరి. 1834లో లండనులో డోనాల్డ్ వాకర్ ప్రకటించిన వ్యాయామగ్రంథమున అవి ‘ఇండియన్ క్లబ్బులు’ అను పేరుతో నెక్కినవి. 1904లోను, 1932లోను ఒలింపిక్ క్రీడలలో గద త్రిప్పుట యొక పోటీగా నుండెను. మన గరిడీలోని కొయ్యముక్క సముద్రములు దాటి పతకములు తెచ్చినది. మన గరిడీ మాత్రము చాలయూళ్లలో మూతబడినది.

మూతబడక మునుపు అది ఆంధ్రదేశమున కొక మహావ్యక్తి నిచ్చినది. ఆయన కోడి రామమూర్తినాయుడు. స్వస్థలము వీరఘట్టము, విజయనగరమున పెరిగి, మదరాసు చెంత సైదాపేటలో వ్యాయామోపాధ్యాయశిక్షణ పొంది, పాఠశాలలో పిల్లలకు వ్యాయామము నేర్పి, పిదప సర్కసు స్థాపించెను. రొమ్మున చుట్టిన ఇనుపగొలుసును ఊపిరి బిగించి త్రెంచుట, ఏనుగును రొమ్ముపై నిలుపుకొనుట, కదలబోవు మోటారుకార్లను గొలుసులతో ఆపుట ఆయన ప్రదర్శనలు. కలియుగభీముడని జనులు కీర్తించిరి. 1942లో ఆయన దివంగతుడయ్యెను. జనులకు ఏనుగు జ్ఞాపకమున్నది. నాకు మాత్రము ఆయన మొదట బడిపిల్లల పంతులని తలచినప్పుడే గౌరవము హెచ్చును. బలము పుట్టుకతో వచ్చు వరము మాత్రమే యైనచో దానిని నేర్పుటకు పంతులేల?

ఆ కాలముననే పడమటి దేశములలో చేతిబలము అంగడిసరుకుగా మారినది. దానికి నాంది ఒక కొలపరికరము. 1798లో పారిసు నగరమున రెన్యే అను యంత్రనిపుణుడు ఉక్కుస్ప్రింగుతో నొక పరికరమును ప్రకటించెను; దానిని పిడికిట నొక్కినచో సూచిక కదలి చేతిబలమును తూకమున చూపెడిది. అంతకు మున్ను బలమును చెప్పుటకు కథలే హెచ్చు, అంకెలు తక్కువ. పందొమ్మిదవ శతాబ్దపు చివర శాండో అను ప్రఖ్యాత బలశాలి, నడుమ స్ప్రింగులుంచి పిడికిట నొక్కదగిన డంబెల్సును తన పేరుతో విక్రయించెను. 1905 ప్రాంతమున నాతడు మన దేశమునను పర్యటించి ప్రదర్శనలిచ్చెను. పని చేయక బలము కోరువారు ఆ దేశములలో నప్పటికే పుట్టిరి; వారికొరకు యంత్రమును పుట్టినది. మన యూళ్లలో నది యవసరము కాలేదు. ఇక్కడ నింకను ఏతము కిర్రుమనుచుండెను.

తరువాతి కథ మన కన్నులయెదుట జరిగినదే. బియ్యపుమర వచ్చినది, రోకలి మూల చేరినది. విద్యుత్పంపు వచ్చినది, ఏతము నేల కూలినది. కొళాయి వచ్చినది, గిలక తుప్పుపట్టినది. ట్రాక్టరు వచ్చినది, మేడి అటుకెక్కినది. మిక్సీ వచ్చినది, తిరగలి పెండ్లిండ్లలో పసుపుకొమ్ములకు మాత్రము మిగిలినది. ఇందులకు నేను విలపింపను. రోకలిపోటు పోయినదని ఏ యిల్లాలును కన్నీరు పెట్టలేదు, పెట్టనక్కరయు లేదు. ఆ పనులు నడుములు విరిచినవి, ఆయువులు తీసినవి. కాని ఆ చాకిరిని బండికెత్తి పంపివేయునప్పుడు, దాని మాటున దాగియున్న యొక మేలు కూడ బండి యెక్కిపోయినది. పోయినట్లు మనకు తెలియలేదు. నాకు తెలిసినది రైలుమెట్టుమీద.

ఈ లోటు ప్రాణమునకు సంబంధించినదని నేటి వైద్యశాస్త్రము చెప్పుచున్నది. భారతదేశముతో కూడ 17 దేశములలో సుమారు 1,40,000 మంది చేతిపట్టును కొలిచి, కొన్ని సంవత్సరములు వారి యారోగ్యమును గమనించి, ఆ ఫలితములను 2015లో లాన్సెట్ వైద్యపత్రికలో ప్రకటించిరి. పట్టు 5 కిలోగ్రాములు తగ్గిన కొలది మరణభయము సుమారు నూటికి 16 వంతులు హెచ్చుగా కనబడినది. మరణమును ముందుగా సూచించుటలో రక్తపుపోటు అంకెకన్న చేతిపట్టు అంకెయే మిన్నగా తేలినది. 2019లో ఆసియా దేశముల వైద్యనిపుణులు పురుషులకు 28, స్త్రీలకు 18 కిలోగ్రాములకన్న పట్టు తక్కువైనచో కండబలము క్షీణించినట్లు శంకింపవలెనని నిర్ణయించిరి.

అయితే ఇక్కడ నొక హెచ్చరిక. పిడికిలి బిగించినంతమాత్రమున ఆయువు పెరుగునని దీనియర్థము కాదు. జ్వరము కొలుచు గొట్టమును చన్నీట ముంచినచో అంకె తగ్గును గాని జ్వరము తగ్గునా? చేయి దేహమంతటికిని సాక్షి. కాలు, నడుము, గుండె, తిండి, నిద్ర అన్నియు నెట్లున్నవో అది చెప్పును. కావున చేతిని సాధించువాడు దేహమునంతను సాధింపవలెను.

వయసు మీరిన పిమ్మట బలము వచ్చునా యని సందేహింతురేమో. 1990లో అమెరికా వైద్యపత్రికయందొక పరిశోధన వెలువడినది. వృద్ధాశ్రమమునందలి తొంబదియేండ్ల ప్రాయపు దుర్బలులు పదిమంది ఎనిమిది వారములు తొడలకు బరువుల సాధన చేయగా, పూర్తిచేసినవారి కాలిబలము సగటున రెండింతలకు మించి పెరిగినది. అది కాలి సంగతియే యైనను, కండ యెక్కడనైనను కండయే; పిలిచినచో ముదిమియందును పలుకును.

ఇక ఇంటిలో చేయదగినవి చెప్పెదను. ఖర్చు లేదు.

చేతిపట్టు ముఖ్యముగా మూడు విధములు: పిండుపట్టు, మోతపట్టు, చిటికెపట్టు.

పిండుపట్టునకు తుండుగుడ్డ చాలును. తడిపి, రెండుచేతుల మెలిపెట్టి, ఐదు లెక్కించువరకు బిగించి వదలవలెను. కుడివైపు పదిమార్లు, ఎడమవైపు పదిమార్లు. గుడ్డను ఉండగా చుట్టి యొక్కొక్క చేత నొక్కుటయు మంచిదే.

మోతపట్టునకు రెండు బకెట్లు. సగము నీరు పోసి, చెరియొక చేతను పట్టి, నడుము నిటారుగా నుంచి ఇరువది యడుగులు నడచి దింపవలెను. పిడి సన్నమైనచో గుడ్డ చుట్టవలెను. తడినేలమీద నడువరాదు. వారమున కొక చెంబెడు నీరు హెచ్చింపవచ్చును. ఈ మూటిలో నేను దీనినే మేలందును. ఏలయన చేతితోబాటు భుజము, నడుము, కాలు అన్నియు ఇందు పని చేయును.

చిటికెపట్టునకు లావుపాటి పుస్తకమును బొటనవ్రేలికిని తక్కిన వ్రేళ్లకును నడుమ పట్టి, పది లెక్కించువరకు వ్రేలాడనీయవలెను. అది సులభమైన పిమ్మట ఇటుక పట్టవచ్చును. పాదముమీద పడకుండ దూరముగా పట్టుడు.

మూసిన చేతిని తెరచుటయు నేర్పవలెను. వ్రేళ్ల కొనలచుట్టు రబ్బరుబందు తగిలించి విప్పవలెను. లేదా బియ్యపు డబ్బాలో చేయి దూర్చి వ్రేళ్లను చాపవలెను. వీనికి తోడు, చేతులూనక కుర్చీనుండి పదిమార్లు లేచి కూర్చుండుడు. మనుమలుండినచో వేపకొమ్మకు లావుపాటి మోకు కట్టి వ్రేలాడనిండు. ఆ విద్య వారిది, మనది కాదు.

వారమున మూడు దినములు చాలును. నడుమ దినము విశ్రాంతి. బిగించునప్పుడు ఊపిరి బిగింపరాదు, లెక్క పైకి చెప్పుచుండవలెను. గుండెజబ్బు, అధికరక్తపుపోటు, కీళ్లవాపు, వ్రేళ్ల తిమ్మిరి గలవారు వైద్యుని అడిగియే మొదలిడవలెను. ఒక చేతిపట్టు మాత్రము అకస్మాత్తుగ సడలినచో, మూతి వంకరపోయినచో, మాట తడబడినచో, సాధన మాట యటుంచి తక్షణమే ఆసుపత్రికి పోవలెను. అది పక్షవాతపు సూచన కావచ్చును; అప్పుడు గడియ గడియకు విలువ కలదు.

కొలత కావలెనన్న పరికరము అక్కరలేదు. నిండుబకెట్టుతో ఎన్ని యడుగులు నడువగలిగితిరో పంచాంగపు అంచున వ్రాసికొనుడు. నెలకు మరల చూడుడు.

నేనును ఎనిమిది మాసములుగా నిట్లు చేయుచున్నాను. మల్లుడనైతినని చెప్పను. మొదట పండ్రెండడుగులకే బకెట్టు దింపినవాడను. ఇప్పుడు నలుబదియడుగులు పోవుచున్నాను. మొన్న అదే స్టేషనులో, అదే సంచితో బండి యెక్కితిని. ఈసారి కడ్డీ చేతినుండి జారలేదు. లోపల కూర్చుండి కొంతసేపు నా యరచేతిని చూచుకొంటిని. అందు గీతలు పూర్వమువలెనే యున్నవి. వ్రేళ్ల మొదళ్ల కాయలు మాత్రము మరల కట్టుచున్నవి. మా తాతచేతనున్న కాయలు నాకు జ్ఞప్తికి వచ్చినవి. ఆయనకు వానిని కూలి యిచ్చినది. నేను కోరి తెచ్చుకొంటిని. ఆ భేదమును మన్నించుచు, ఆ చేతులకు నమస్కరించుచు, సెలవు తీసికొనుచున్నాను.